ఆటలో అరటిపండు

భిలాయి సెక్టర్ 7లో మా క్వార్టర్ వెనక, వేపచెట్టు పక్కన కొంచెం ఖాళీ జాగా ఉంది. సాయంత్రం నాలుగున్నర దాటితే అదే మైదానం. మూడు ఇటుకలు పేరిస్తే వికెట్లు. బంతి ఎదురు ప్రహరీకి తగిలితే ఫోరు, ఎవరి పెరట్లోనైనా పడితే అవుటు. ఆడే పిల్లల్లో శ్రీకాకుళం వాళ్లున్నారు, బెంగాలీలున్నారు, మలయాళీలున్నారు, ఛత్తీస్‌గఢీ వాళ్లు సరేసరి. భాష మాత్రం ఒకటే, భిలాయి హిందీ. మొన్నొకరోజు ఆరేళ్ల పిల్లాడొకడు అన్న వెంటపడి వచ్చాడు, నేనూ ఆడతానని. జట్లు అప్పటికే సరిపోయాయి. ఏడుపు మొదలైంది. పెద్దవాడొకడు తేల్చేశాడు: "వీడు కచ్చా నింబూ."

పచ్చి నిమ్మకాయ. మనం తెలుగులో ఆటలో అరటిపండు అంటాం. ఉన్నాడంటే ఉన్నాడు, లేడంటే లేడు. అవుటైనా అవుట్ కాదు, క్యాచ్ పట్టినా లెక్కకి రాదు. ఆ పిల్లాడికి ఇదేమీ తెలియదు. వెళ్లి కాలవ గట్టు దగ్గర చేతులు చాపుకుని నిలబడ్డాడు. చీకటి పడి ఆట ముగిసేదాకా బంతి అటువైపు ఒక్కసారి కూడా రాలేదు. వాడు చేతులు దించనూ లేదు.

ఆ చేతులే గుర్తొస్తున్నాయి నాకు రెండు వారాలుగా.

కాలేజీలో రెండేళ్లు నేనూ క్రికెట్ జట్టులో ఉన్నాను. ఉన్నానంటే పదకొండు మంది తర్వాత ఉన్నాను. ఎక్స్‌ట్రా అనేవారు. ఎక్స్‌ట్రాకి పని తక్కువేమీ ఉండదు. నెట్స్‌లో అసలు బ్యాట్స్‌మన్లు అలిసిపోయేదాకా వాళ్లకి బంతులు వేయాలి. ఓపెనర్లకి ప్యాడ్ల పట్టీలు బిగించాలి. చెమటకి తడిసిన గ్లవ్స్ ఎండలో తిప్పి తిప్పి ఆరబెట్టాలి. డ్రింక్స్‌కి బకెట్ మోయాలి. ప్రతి మ్యాచ్ పొద్దున్నా ఒకే సందేహం వచ్చేది నాకు: బూట్లు వేసుకోవాలా, ఎలాగూ ఆడేది లేదు కనక చెప్పులతో పోతే సరిపోతుందా? ప్రతిసారీ బూట్లే వేసుకున్నాను. సాయంత్రం ఇంటికొస్తే అమ్మ నా తెల్లచొక్కా అటూ ఇటూ తిప్పి చూసేది. "ఇవాళ కూడా మట్టంటలేదేటి నాన్నా?" అనేది. ఆ మాటకి వచ్చే దుఃఖం ఇంతా అంతా కాదు. మట్టి మరక కోసం మొహం వాచిపోయిన వాళ్లకి ఆ సంగతి చెప్పక్కర్లేదు.

రెండేళ్లలో మూడుసార్లు ఎవరి బదులో ఫీల్డింగ్‌కి దిగాను. ఒక్క క్యాచ్ కూడా నా వైపు లేవలేదు. నా కథ అంతే.

ఇలాంటి వాళ్లకి ఎప్పుడో ఒక రోజు పిలుపొస్తుంది, ఆ ఒక్కరోజూ వాళ్లదవుతుంది అనే కథలంటే లోకానికి మహా ఇష్టం. అమెరికాలో బేస్‌బాల్ చుట్టూ అలాంటివి ఎన్ని పుట్టాయో. ఆట చివరికొచ్చింది, కోచ్ బెంచీ వైపు చూశాడు, సీజనంతా కూర్చునే ఉన్న కాలేజీ కుర్రాడు బ్యాట్ పట్టుకుని లేచాడు, బంతి కంచె దాటింది. వింటుంటే నాకూ ఒళ్లు జలదరిస్తుంది. కాకపోతే ఆ కథ నాకెప్పుడూ సగంలో ఆగిపోయినట్టుంటుంది. బంతి కంచె దాటాక ఆ కుర్రాణ్ణి మనం ఏం చేశాం? అతని మిగతా రోజులన్నీ ఎక్కడ పెట్టాం? మా ఊళ్లోనే దీనికి జవాబు లాంటి మనిషి ఉన్నాడు కనక అడుగుతున్నాను.

1997 సెప్టెంబర్ 30, మంగళవారం. కరాచీ నేషనల్ స్టేడియం. 1989 తర్వాత మన జట్టు పాకిస్తాన్ వెళ్లడం అదే మొదలు. సచిన్ కెప్టెన్. సింధ్ హైదరాబాద్‌లో మొదటి వన్డే ఓడిపోయాం. కరాచీలో జనం రాళ్లు విసరడంతో పాకిస్తాన్ ఇన్నింగ్స్ 47.2 ఓవర్ల దగ్గరే ముగిసింది, స్కోరు 265. మనకి 47 ఓవర్లు. గంగూలీ 89, కాంబ్లీ 53 కొట్టి వెళ్లిపోయారు. ఆరు వికెట్లు పడ్డాయి. చివరి ఓవర్లో ఎనిమిది పరుగులు కావాలి. బంతి సక్లైన్ ముస్తాక్ చేతిలో ఉంది. ఆ రోజుల్లో చివరి ఓవర్లలో అతన్ని కొట్టడమంటే మాటలు కాదు. అవతలి కొసన రాబిన్ సింగ్ ఉన్నాడు గానీ, స్ట్రైక్‌లో ఉన్నది రాజేశ్ చౌహాన్. ఆఫ్ స్పిన్నర్. మా భిలాయి స్టీల్ ప్లాంట్ ఉద్యోగి.

మా వీధిలో ఎవరూ అతని మీద ఆశ పెట్టుకోలేదు. ఒక్క పరుగు తీసి రాబిన్ సింగ్‌కి ఇస్తే చాలునని అందరి ప్రార్థన. మొదటి బంతినే చౌహాన్ మిడ్‌వికెట్ మీదుగా లేపాడు. టీవీలో బంతి గాల్లో ఉండగానే పక్క క్వార్టర్లో ఎవరో గావుకేక పెట్టారు, ఆ తర్వాత సెక్టరంతా ఒక్కటే గోల. సిక్స్. ఇంకో రెండు బంతుల్లో ఆట ముగిసింది. మూడు బంతులు మిగిలుండగా గెలిచాం. మా వాడు, మా వాడు అంటూ అసలు క్రికెట్ చూడని వాళ్లు కూడా రోడ్డు మీదికొచ్చారు. ప్లాంట్ సైరన్ తప్ప ఇంకేదీ ఇంతమందిని ఒకేసారి కదిలించగా నేను చూడలేదు.

ఇప్పుడు భిలాయిలో ఎవరినైనా అడగండి రాజేశ్ చౌహాన్ ఎవరని. సివిక్ సెంటర్లో అడగండి, సెక్టర్ 5 బాలాజీ గుడి మెట్ల మీద కూర్చున్న మన పెద్దవాళ్లని అడగండి. "కరాచీలో సిక్స్ కొట్టాడే" అంటారు. అక్కడితో ఆగుతారు.

ఆయన బ్యాట్స్‌మన్ కాదు. ఆ సిక్స్ ఆయన పని కాదు. ఆయన పని వేరే ఉంది, అది చెప్పేవాళ్లు తక్కువ. 1993 జనవరిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఇంగ్లండ్ మీద తొలి టెస్ట్ ఆడాడు. హైదరాబాదీ అజహరుద్దీన్ కెప్టెన్. ముగ్గురు స్పిన్నర్లతో దిగాడు: కుంబ్లే, మన హైదరాబాద్ వెంకటపతి రాజు, చౌహాన్. ఆ సిరీస్ మూడు టెస్టులూ గెలిచాం. కుంబ్లేకి 21 వికెట్లు, రాజుకి 16, చౌహాన్‌కి 9. ముగ్గురిలో మూడోవాడు. పేపర్లో ఫోటో మొదటివాడిది పడుతుంది. మూడోవాడు ఏం చేస్తాడంటే, అవతలి కొసన కుంబ్లే బుర్ర తినేస్తుంటే, ఈ కొసన పరుగు రాకుండా కట్టేస్తాడు. ఊపిరాడని బ్యాట్స్‌మన్ అటు వెళ్లి తప్పు చేస్తాడు. వికెట్ అటువైపు పేరు మీద పడుతుంది. ఇటువైపు వాడు టోపీ సర్దుకుని మళ్లీ బంతి అందుకుంటాడు.

ఇంకో లెక్క ఉంది, వినండి. 1993 నుంచి 1998 దాకా చౌహాన్ 21 టెస్టులు ఆడాడు. 47 వికెట్లు తీశాడు. ఆ ఇరవై ఒక్క టెస్టుల్లో భారత్ ఒక్కటి కూడా ఓడిపోలేదు. ఇరవై ఒకటికి ఇరవై ఒకటి. గొప్ప గొప్ప బౌలర్లకి లేని లెక్క ఇది. అందులో ఎక్కువ టెస్టులు మన గడ్డ మీదే జరిగాయనీ, పక్కన కుంబ్లే ఉన్నాడనీ అంటారు, నిజమే. అయినా ఇరవై ఒకటంటే కాకతాళీయం అనుకోలేను. ఆ ఒక్క సిక్స్ వల్ల ఆయనకి పేరొచ్చిందని మేమంతా అనుకుంటాం. ఆ సిక్స్ ఆయన ఐదేళ్ల పనిని మింగేసిందని నేను అనుకుంటాను. ఒకే ఒక క్షణం మనిషిని వెలిగించినప్పుడు ఆ మనిషి తక్కిన బతుకు చీకట్లోకి జరుగుతుంది. సంతోషంలో మనం అది గమనించం.

ఇంకొకతనికి సరిగ్గా దీనికి ఎదురు జరిగింది. అతనిది మా అమ్మానాన్నల వైపు ఊరే, విశాఖపట్నం. కోన శ్రీకర్ భరత్. వికెట్ కీపర్. 2015 ఫిబ్రవరిలో ఒంగోల్లో గోవా మీద 308 పరుగులు చేశాడు. రంజీ ట్రోఫీలో ఒక వికెట్ కీపర్ ట్రిపుల్ సెంచరీ కొట్టడం అదే మొదలు. అయినా భారత జట్టుకి ఒక కీపర్ చాలు, ఆ చోటు ఖాళీ లేదు. భరత్ జట్టుతో తిరిగాడు. నెట్స్‌లో పట్టాడు, హోటల్లో పడుకున్నాడు, మైదానం పక్కన కూర్చున్నాడు.

2021 నవంబర్ చివర, కాన్పూర్ గ్రీన్ పార్క్, న్యూజిలాండ్‌తో టెస్ట్. మూడో రోజు పొద్దున్న మన కీపర్ వృద్ధిమాన్ సాహాకి మెడ పట్టేసింది. భరత్ గ్లవ్స్ తొడుక్కుని పరుగెత్తాడు. అప్పటికి న్యూజిలాండ్ ఒక్క వికెట్టూ పోకుండా 129. కాన్పూర్ పిచ్ మీద బంతి లేవదు. అలాంటి చోట స్పిన్‌కి కీపింగ్ చేయడం నేలమీద పాకే పిల్లాణ్ణి పట్టుకోవడం లాంటిది, వాడి కంటే ముందు నువ్వు లేస్తే వాడు నీ కాళ్ల కిందనుంచి జారిపోతాడు. అశ్విన్ బంతి విల్ యంగ్ బ్యాట్ అంచుని తాకీ తాకనట్టు తాకి కిందికే వెళ్లింది. భరత్ లేవలేదు. గ్లవ్స్ గడ్డికి ఆనించే ఉంచి పట్టేశాడు. అంపైర్ ఇవ్వలేదు. భరత్ పట్టుబట్టాడు, కెప్టెన్ రహానే రివ్యూ అడిగాడు. అవుట్. యంగ్ 89 దగ్గర పోయాడు. తర్వాత అక్షర్ పటేల్ బంతికి రాస్ టేలర్ అంచు ఇచ్చాడు, ఆ క్యాచ్ కూడా భరత్‌దే. ఆపైన సెంచరీకి ఐదు పరుగుల దూరంలో ఉన్న టామ్ లేథమ్ అక్షర్‌ని ఆడబోయి క్రీజు దాటాడు. భరత్ బెయిల్స్ పడగొట్టేశాడు. న్యూజిలాండ్ 296కి ఆలౌట్. అక్షర్‌కి ఐదు వికెట్లు.

ఇప్పుడు స్కోరు కార్డు తీసి చూడండి. భరత్ పేరు పదకొండు మందిలో ఉండదు. లేథమ్ పేరు ఎదురుగా "స్టంప్డ్ సబ్" అని ఉంటుంది. మంచి కార్డయితే బ్రాకెట్లో పేరు వేస్తారు. ఆ రెండు క్యాచ్‌లూ, ఆ స్టంపింగూ అతని టెస్ట్ లెక్కల్లో లేవు. రూలు ప్రకారం ఆ రోజు అతను ఆడలేదు. అతని మొదటి టెస్ట్ 2023 ఫిబ్రవరిలో నాగపూర్‌లో, ఆస్ట్రేలియా మీద అని పుస్తకం చెబుతుంది. అంతకు పధ్నాలుగు నెలల ముందే కాన్పూర్‌లో ముగ్గుర్ని వెనక్కి పంపిన మనిషికి! చౌహాన్ తన పని కాని పనికి గుర్తుండిపోయాడు, భరత్ తన పనే అచ్చంగా చేసి లెక్కలో లేకుండా పోయాడు.

ఆ మాటకొస్తే 2017 అక్టోబర్ దాకా భరత్ చేసిన ఆ పనికి క్రికెట్ చట్టమే ఒప్పుకునేది కాదు. బదులు వచ్చినవాడు బ్యాటింగ్ చేయకూడదు, బౌలింగ్ చేయకూడదు, కీపింగూ చేయకూడదు. బ్యాటింగ్, బౌలింగ్ మామూలుగా ఇప్పటికీ కుదరవు, కీపింగ్‌కి మాత్రం అంపైర్లు ఒప్పుకుంటే సరే అన్నారు. బేస్‌బాల్లో సంగతి వేరు. ఒకరి బదులు ఇంకొకరు దిగితే వెళ్లినవాడు ఆ రోజుకి తిరిగిరాడు. వచ్చినవాడు ఏం చేసినా అతని పేరు మీదే పడుతుంది, కొట్టినా, పట్టినా, పారేసుకున్నా. నాకు ఆ పద్ధతే ధర్మంగా కనిపిస్తుంది.

చట్టం ఒప్పుకోని రోజుల్లో జరిగిన ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఇంగ్లండ్‌లో బాబ్ టేలర్ అని ఒక వికెట్ కీపర్ ఉండేవాడు. ఎంత బాగా పట్టేవాడంటే అతని గ్లవ్స్‌లో బంతి పడితే చప్పుడు వినబడదని చెప్పుకునేవారు. అతని దురదృష్టం, అదే కాలంలో అలన్ నాట్ ఉన్నాడు. 1971లో న్యూజిలాండ్‌లో ఒక్క టెస్ట్ ఆడనిచ్చారు. రెండో టెస్ట్ ఆడేసరికి 1977 వచ్చింది, అదీ నాట్ ప్యాకర్ విడిగా పెట్టిన సిరీస్‌కి వెళ్లిపోయాడు కనక. ఆ నడుమ ఆరేళ్లు అతను కౌంటీలో కీపింగ్ చేస్తూనే ఉన్నాడు. చివరికి 57 టెస్టులు ఆడి మానేశాడు. 1986 జులైలో లార్డ్స్‌లో న్యూజిలాండ్‌తో టెస్ట్ జరుగుతుంటే, హ్యాడ్లీ బంతి తగిలి ఇంగ్లండ్ కీపర్ బ్రూస్ ఫ్రెంచ్ పడిపోయాడు. టేలర్ అప్పుడు స్పాన్సర్ కంపెనీ తరఫున అతిథుల్ని చూసుకుంటూ అదే మైదానంలో ఉన్నాడు. వయసు 45. న్యూజిలాండ్ కెప్టెన్ జెరెమీ కోనీ పెద్దమనసుతో సరేనన్నాడు. టేలర్ తలా ఒకటి అడిగి సామాన్లు సర్దుకుని మైదానంలోకి దిగాడు, బ్రహ్మాండంగా పట్టాడు. చేతులు ఏమీ మరిచిపోలేదు.

మరిచిపోకుండా ఉండాలంటే ఏం చేయాలో మా నాన్న చూపించాడు నాకు. ఆయన అరవైల్లో శ్రీకాకుళం నుంచి వచ్చి ప్లాంట్‌లో ఫిట్టర్‌గా చేరాడు. పనంతా నీళ్ల పంపుల దగ్గర. ఒకసారి విశ్వకర్మ పూజ రోజున నన్ను లోపలికి తీసుకెళ్లాడు. నేను అప్పటికి కాలేజీలో ఎక్స్‌ట్రాని. వరసగా పెద్ద పెద్ద పంపులు, బంతిపూల దండలు, కుంకుమ బొట్లు. అన్నీ హోరుమంటున్నాయి, ఒక్కటి తప్ప. అది స్టాండ్‌బై. దానికీ దండ వేశారు. బ్లాస్ట్ ఫర్నేస్‌కి చల్లటి నీళ్లు క్షణం ఆగకూడదు, ఆగితే లోపలి రాగి ముక్కులు కరిగిపోతాయి. అందుకని తిరిగే పంపుల పక్కన తిరగని పంపు ఒకటి ఎప్పుడూ ఉంటుందని చెప్పాడు.

నాన్న దాని షాఫ్ట్ దగ్గర వంగి, రెండు చేతుల్తో పట్టి, పావు చుట్టు తిప్పాడు. నా చేత కూడా తిప్పించాడు. చల్లగా, బరువుగా, నూనె జిగటతో కదిలింది. ఎందుకు నాన్నా అన్నాను. ఒకే చోట బరువు మోపి రోజులకి రోజులు ఊరకే ఉంటే, పక్క పంపుల అదురుకి దీని బేరింగ్‌లో గుంటలు పడతాయట. ప్యాకింగ్ ఎండిపోతుందట. అందుకే చేత్తో తిప్పుతుండాలి, వంతు పెట్టి నడిపిస్తుండాలి. అప్పుడన్నాడు: "ఇది కూకున్నట్టు కనబడతాది గానీ కూకోలేదురా. నిలబడుంది."

అప్పుడు అది పంపు సంగతనే అనుకున్నాను. నా మట్టంటని చొక్కాని అమ్మ ఒక్కతే చూస్తోందనీ అనుకున్నాను.

కరాచీ సిక్స్ గురించి ఎవరైనా అదృష్టం అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. అదృష్టం పిలుపు వరకే. నెట్స్ అయిపోయాక, అందరూ వెళ్లిపోయాక, ఎవరూ అడగకపోయినా నాలుగు బంతులు లేపి కొట్టి చూసుకున్న సాయంత్రాలు బౌలర్లందరికీ ఉంటాయి. సాహాకి మెడ పట్టేయడం భరత్ చేతిలో లేదు. ఆ పొద్దున్న గ్లవ్స్ గడ్డికి ఆనించి ఉంచడం అతని చేతిలోనే ఉంది. పిలుపు రానివాళ్ల మాటేమిటి? వాళ్లే ఎక్కువమంది. ప్రతి జట్టులో, ప్రతి షిఫ్టులో, ప్రతి నాటక సమాజంలో రెండో వరసలో పాఠం నోటికి వచ్చి కూర్చున్నవాళ్లు. వాళ్ల తయారీ వృథా పోయిందని అంటే నాకు కోపం వస్తుంది. తిరగని ఆ పంపు ఉందన్న ధైర్యంతోనే కదా తిరిగే పంపుని విప్పి బాగుచేస్తారు. ఎక్స్‌ట్రా బూట్లు వేసుకుని కూర్చున్నాడు కనకే ఫాస్ట్ బౌలర్ తొడ పట్టేస్తుందేమోనన్న భయం లేకుండా పరుగెత్తుతాడు. ఆ నిబ్బరం స్కోరు కార్డులో ఏ గడిలోనూ పడదు.

ఇప్పుడు సెక్టర్ 7 పిల్లలకి స్కోరు రాసేది నేనే. పాత లెడ్జర్ పుస్తకం ఒకటి దొరికింది. అందులో పదకొండు గీతలు గీసేవాణ్ణి. పోయిన ఆదివారం నుంచి పన్నెండు గీస్తున్నాను. కచ్చా నింబూ పేరు కూడా ఇంటిపేరుతో సహా రాశాను. అది చూపిస్తే వాడు వేలుతో తన పేరు తడిమి, చదవడం పూర్తిగా రాదు కనక, "ఇదేనా?" అని రెండుసార్లు అడిగాడు. ఇదేనన్నాను. మళ్లీ కాలవ గట్టు దగ్గరికి పరుగెత్తాడు. బంతి ఆ రోజు కూడా అటు రాలేదు.

మీ ఊళ్లో, మీ కాలేజీలో, మీ వీధి మైదానంలో స్కోరు పుస్తకం ఎవరి చేతిలో ఉందో మీకు తెలిసే ఉంటుంది. వాళ్లకి నా మాటగా చెప్పండి. సబ్ అని రాయవద్దు, పేరు రాయమనండి.